లేడీ గారి పొంగని రొట్టె

లీడ్స్,
1908 జూన్, మొదటి ఆదివారం

ప్రియమైన కెజియా పిన్నీ,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నాకు ఒళ్ళు మండిపోతోంది. హాక్స్‌బీ హాలు బంగళాలో రొట్టెల బట్టీ మూసేస్తారా? ఆ గదిలో లార్డు గారి కొత్త మోటారు కారు పెడతారా? శుక్రవారం హాలు రొట్టెలు దించాక, ఆ మిగిలిన వేడిలో ఊరి ఆడవాళ్ళందరూ ఎవరి పిండి వాళ్ళు తెచ్చి కాల్చుకోవడం అమ్మమ్మ పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారం. ఊళ్ళో ఏ ఇంట్లోనూ చలి కాచుకునే పొయ్యి తప్ప రొట్టె కాల్చే బట్టీ లేదు. ఎవరి రొట్టె మీద వాళ్ళు గుర్తు గీసుకుని, కాలాక కొట్టుకోకుండా ఎవరిది వాళ్ళు పట్టుకుపోయే పద్ధతి ఏ పార్లమెంటు నేర్పింది వాళ్ళకి? ఇప్పుడా మేనేజరు క్రాబ్‌ట్రీ వచ్చి "పట్నం రొట్టె బండి మీద గుమ్మంలోకే వస్తుంది, ఇంకేం కావాలి" అంటాడా? పట్నం రొట్టె ఎలా తయారవుతుందో నాకు తెలుసు. తయారు చేసేవాళ్ళలో నేనొకణ్ణి.

నీ సంగతి తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. బట్టీ పోతే నీ ఉద్యోగమూ పోతుంది, దాని వెనకాల నీ గదీ పోతుంది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషివి. నా దగ్గరికి వచ్చెయ్యమని చెప్పడానికి నాకున్నది ఒక మంచంలో సగం. మిగతా సగంలో డిన్నీ ఉంటాడు, గురక పెడతాడు.

కాబట్టి పోరాడాలి. ఆయుధం దొరికింది. మొన్న మా బేకరీ పనివాళ్ళ సంఘంలో ఒక చిన్న పుస్తకం కొన్నాను. అందులో ఏముందో తెలుసా? "లేడీ" అనే మాటకి అసలు అర్థం రొట్టెపిండి పిసికే మనిషి. వెయ్యేళ్ళ నాటి మన ఇంగ్లీషులో హ్లాఫ్ అంటే రొట్టె. హ్లాఫ్-డిగె అంటే పిండి పిసికేది. నోళ్ళలో నలిగి నలిగి అది లేడీ అయింది. లార్డు అంటే హ్లాఫ్-వర్డ్, రొట్టెకి కాపలా మనిషి. మరి మనలాంటి నౌకర్లని ఏమనేవారో తెలుసా? రొట్టె తినేవాళ్ళు అనేవారు. ఇప్పుడు చూడు పిన్నీ. పిసికేది మనం, కాపలా కాసేది మనం, తినేది వాళ్ళు. పేర్లు మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

ఈ ఉత్తరంతో పాటు నేను రాసి అచ్చు వేయించిన కరపత్రం పంపుతున్నాను. బట్టీ గది తలుపుకి మైదా జిగురుతో అంటించు. అందరూ చూసేలా అంటించు. జంకకు.

నీ
జాబెజ్ థాక్రా

⁂

హాక్స్‌బీ హాలు, వంటింటి వైపు,
జూన్ నెలాఖరు

ఒరేయ్ జాబూ,

నీ కరపత్రం అందింది. కాగితం చాలా బాగుంది. అందులో ఈస్టు ముద్ద చుట్టి పెట్టుకున్నాను.

కోప్పడకు, పూర్తిగా చదువు. మొన్న క్రాబ్‌ట్రీ కొలతల టేపు పట్టుకుని బట్టీ గదిలోకి వచ్చాడు, కారు పడుతుందో లేదో చూడడానికి. వెనకాలే లేడీ స్కెల్బరో అమ్మగారు కూడా వచ్చింది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయినా ఆవిడ ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. అటూ ఇటూ చూసి, పిండి తొట్టె పక్కనున్న పొట్లం మీద కన్ను వేసింది.

"ఏమిటిది కెజియా?"

"ఈస్టు అమ్మగారూ."

"ఈస్టు కాదు, దాని చుట్టూ ఉన్నది."

"కాగితం అమ్మగారూ."

"కాగితమని నాకూ తెలుస్తోంది. 'మేడమ్, మీ పేరుకి అర్థం తెలుసా' అని నన్ను అడుగుతోంది."

మా అక్క కొడుకు రాశాడమ్మా, మంచివాడే గానీ పుస్తకాలు చదువుతాడు అన్నాను. ఆవిడ ఈస్టు తీసి నా చేతిలో పెట్టి, కాగితం దులిపి, అక్కడే నిలబడి ఆసాంతం చదివింది. క్రాబ్‌ట్రీ టేపు చుట్టుకోవడం కూడా మర్చిపోయి ఆవిడ మొహం వైపే చూస్తున్నాడు. ఆవిడ నవ్వింది. కాగితం మడిచి చేతిసంచీలో వేసుకుని మేడ మీదకి పోయింది.

ఆ రాత్రి భోజనాలకి పాదిరీ గారూ ఇంకో ఎనమండుగురూ ఉన్నారు. వడ్డించే కుర్రాడు చెప్పిన మాట ఇది. ఆవిడ నీ కరపత్రం అందరికీ చదివి వినిపించిందట. "నా పేరుకి తగిన పని నేను ఒక్కసారి కూడా చెయ్యకముందే మీరు ఆ బట్టీ ఎలా మూస్తారు?" అని లార్డు గారిని అడిగిందట. ఆయన అప్పటికే మూడో గ్లాసులో ఉన్నాడు. "అయితే చెయ్యి. నేను నా బల్ల మీద పెట్టుకుని తినగలిగిన రొట్టె ఒక్కటి నీ చేత్తో చెయ్యి. చేసిన మర్నాడు కారు ఆ బట్టీ గదిలోకి వెళ్తుంది. అప్పటిదాకా బట్టీలో నిప్పు ఆరదు, ఇది నా మాట" అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. పాదిరీ గారు సాక్షి.

మాట ఇస్తే ఆయన తప్పడు, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. కాకపోతే ఒక్క రొట్టెకి ఎన్నాళ్ళు పడుతుంది? రెండు వారాలు, మహా అయితే మూడు. ఆ మూడు వారాలూ నీ పుణ్యమే అనుకో.

ఇట్లు
రొట్టె తినే మీ పిన్ని

⁂

లీడ్స్,
జూలై, రెండో ఆదివారం

పిన్నీ,

నేను పంపింది తిరుగుబాటు. నువ్వు దాన్ని వాళ్ళ విందులో చట్నీలా వడ్డించావు. వాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారు. నలిగిన వర్గాల గుండెల్లోంచి వచ్చిన మాటని తొమ్మిది మంది వైను తాగుతూ పందెం కింద మార్చుకున్నారంటే నాకు ఎలా ఉంటుందో ఆలోచించావా?

మూడు వారాలు దొరికాయన్నది నిజమే. ఆ మూడు వారాల్లో ఊరి ఆడవాళ్ళని కూడగట్టు. సగ్డెన్ ముసలమ్మ చేత ఒక అర్జీ పెట్టించు. ఆవిడ నోటికి క్రాబ్‌ట్రీ ఆగలేడు.

ఇక్కడ నేను ఊరుకోలేదు. ట్రాములో కండక్టరు "ముందు లేడీస్ ఎక్కండి" అన్నాడు. ఆ మాటకి అర్థం పిండి పిసికేవాళ్ళని, కాబట్టి ఇంట్లో పిండి పిసికేవాళ్ళే ముందు ఎక్కాలని, టోపీలో ఈకలున్నవాళ్ళు ఆగాలని నేను గట్టిగా వివరించాను. గంపంత మనిషి ఒకావిడ వెనకనుంచి గొడుగుతో నా వీపు మీద పొడిచి "ఇరవై ఏళ్ళుగా పిసుకుతున్నాను, ఒక్కడూ నన్ను లేడీ అన్నవాడు లేడు. ముందు గుమ్మంలోంచి జరుగు నాయనా, వాన పడుతోంది" అంది. చూశావా, ప్రజల్లో చైతన్యం ఎలా ఉందో.

బేకరీలో కూడా చెప్పాను. మా తొట్టెల దగ్గర ఉన్నవాళ్ళమంతా మగవాళ్ళం. సోదరులారా, మాట ప్రకారం చూస్తే ఈ దేశంలో అసలైన లేడీలం మనమే అన్నాను. డిన్నీ ఒక పిండి ముద్ద తీసి నా మొహాన కొట్టాడు. ఆ రోజు నుంచీ ఫోర్‌మన్ కూడా "లేడీ జాబెజ్ గారు తొట్టె కడిగారా?" అంటున్నాడు. సత్యం చెప్పినవాడికి ఏ కాలంలోనైనా ఇదే సన్మానం.

జాబెజ్

⁂

హాక్స్‌బీ హాలు,
ఆగస్టు నెలాఖరు

లేడీ జాబెజ్ గారి దివ్య సముఖానికి,

నవ్వీ నవ్వీ సగ్డెన్ ముసలమ్మకి దగ్గు తెర వచ్చింది. నీ ఉత్తరం బట్టీ దగ్గర గట్టిగా అరిచి చదివి వినిపించాను మరి.

ఇక్కడి సంగతులు విను. మొదటి శుక్రవారం అమ్మగారు చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని వచ్చింది, మోచేతుల దాకా. తొట్టె ముందు నిలబడి "ఇవి తియ్యాలా?" అంది. సగ్డెన్ ముసలమ్మ "తియ్యకపోతే అవే కాల్చుకు తిను" అంది. ఆవిడకి చెవుడు వచ్చాక ఎవరితో మాట్లాడుతున్నదీ పట్టింపు లేదు. అమ్మగారు తొడుగులు తీసింది. ఆ చేతులు చూస్తే ఉడికించిన గుడ్డు ఒలిచినట్టు ఉన్నాయి.

పిండి మోచేతుల దాకా అంటుకుంది, జుట్టుకి అంటుకుంది, పాదిరీ గారి భార్య చూడడానికి వస్తే ఆవిడకీ అంటుకుంది. రొట్టె మీద గుర్తు గియ్యాలంటే ఆవిడకి గుర్తు లేదు. ఊరందరికీ ఉంది, ఊరున్న నేలంతా ఎవరిదో ఆవిడకి లేదు. చాలాసేపు ఆలోచించి చిటికెన వేలితో ఒక్క గుంట పెట్టింది. బట్టీలోంచి తీశాక గుర్తు అక్కర్లేదని తేలింది. అంత బల్లపరుపుగా ఉన్న రొట్టె ఇంకెవరిదీ లేదు.

లార్డు గారు రుమాలు కట్టుకుని కూర్చున్నాడు. వెండి పళ్ళెంలో తీసుకెళ్ళి పెట్టాం. ఒక ముక్క నమిలి, ఇంకా కొంచెం నమిలి, "ఇంకా కాదు" అన్నాడు. మిగిలింది పందులకి వేశాం. అవి కూడా కాసేపు ఆలోచించుకున్నాయి.

ఇప్పటికి ఇదే వరస. ప్రతి శుక్రవారం ఆవిడ వస్తుంది, పిసుకుతుంది, రొట్టె పొంగదు. ప్రతి శుక్రవారం ఆయన ఒక ముక్క నములుతాడు. పోయిన వారం ఆయన దవడ పన్ను కదిలింది. క్రాబ్‌ట్రీ బట్టీ గుమ్మం ముందు పచార్లు చేస్తున్నాడు. కారు మీద కప్పిన తార్పాలిన్ మీద కోళ్ళు పడుకుంటున్నాయి.

ఊళ్ళోవాళ్ళ రొట్టెలు మామూలుగా కాలుతున్నాయి. నీ అర్జీ సంగతి అడిగితే ముసలమ్మ "ముందు నా రొట్టె తియ్యి" అంది.

మీ పిన్ని

⁂

లీడ్స్,
సెప్టెంబరు నెలాఖరు

పిన్నీ,

ఎంత ఆనందంగా ఉందో మాటల్లో చెప్పలేను. ఇన్ని వారాలు! ఊళ్ళో ఏ పదేళ్ళ పిల్ల అయినా రెండోసారికి నేర్చుకునే పని అది. నేను దీని మీద గాఢంగా ఆలోచించాను. వెయ్యేళ్ళు పని మానేసిన వర్గానికి చేతుల్లోంచి పనితనమే పోతుంది. తోక వాడని జంతువుకి తోక పోయినట్టు. రక్తంలోనే ఉండదు. లేడీ స్కెల్బరో పిసికిన పిండి పొంగకపోవడం చరిత్ర చెప్పిన తీర్పు.

ఇదంతా వ్యాసంగా రాశాను. మా సంఘం పత్రిక నవంబరు సంచికలో వేస్తామన్నారు. "పొంగని వర్గం" అని పేరు పెట్టాను. ఊరి పేరు, హాలు పేరు, ఆవిడ పేరు అన్నీ ఉన్నాయి. దాచడం నా స్వభావం కాదు. ఒక్క చిన్న వివరం కావాలి. ఆవిడ నీళ్ళు ఎంత పోస్తోంది, ఈస్టు ఎప్పుడు కలుపుతోంది, అన్నీ వరసగా రాసి పంపు. శాస్త్రీయంగా ఉండాలి.

నీ
జాబెజ్

⁂

హాక్స్‌బీ హాలు,
అక్టోబరు, మొదటి వారం

జాబూ,

ఆ వ్యాసం వెయ్యొద్దు. ఇది చదివిన వెంటనే వెళ్ళి వెనక్కి తీసుకో. తరవాత ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టెయ్యి.

ఆవిడ రక్తంలో ఏ లోపమూ లేదు. చేతులు బంగారం. మూడో వారానికే పిండి చక్కగా లాగడం, మడవడం అన్నీ పట్టేసింది. ఏ ఊరి పిల్లకీ తీసిపోదు. ఆవిడ రొట్టె పొంగకపోవడానికి కారణం నేను.

అందరి పిండి గిన్నెలూ బట్టీ పక్కన వెచ్చగా పెడతాను కదా, ఆవిడ గిన్నె మాత్రం పాలగదిలో చల్లటి రాతి పలక మీద పెడతాను. దొరల పిండికి చల్లదనం మంచిదమ్మా అని చెప్పాను. నమ్మింది. ఈస్టు కలిపేటప్పుడు ఉప్పు నేరుగా దాని మీదే పోయిస్తాను. ఉప్పు తగిలితే ఈస్టు చచ్చి ఊరుకుంటుందని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడ అటు తిరిగినప్పుడు గిన్నెలో ఇంకో చెంబు చన్నీళ్ళు. ముసలమ్మకి తెలుసు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒక్కొక్క వారం ఒక్కొక్కరు ఆవిడని మాటల్లో పెడతారు.

నన్ను తిడతావని తెలుసు. కానీ ఆవిడ రొట్టె పొంగిన మర్నాడు ఇక్కడ కారు ఉంటుంది. అది గుర్తు పెట్టుకుని తిట్టు.

పిన్ని

⁂

లీడ్స్,
అక్టోబరు, మూడో ఆదివారం

కెజియా పిన్నికి,

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. సంపాదకుడు నవ్వాడు. అది కాదు నా బాధ.

నువ్వు ఇలాంటి పని చేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. పని నేర్చుకోవాలని వచ్చిన మనిషికి పని రాకుండా చేస్తావా? మనకి చదువు రాకుండా వాళ్ళు ఏం చేశారో అదే ఇప్పుడు ఆవిడకి నువ్వు చేస్తున్నావు. వాళ్ళ చేతిలో పుస్తకం, నీ చేతిలో ఈస్టు, అంతే తేడా. ఆవిడ దొరసాని కావచ్చు. ఆవిడ కూర్చున్న కుర్చీని నేను ద్వేషిస్తాను. కానీ తొట్టె ముందు నిలబడి గౌను చేతులు మడిచిన క్షణం నుంచీ ఆవిడ పనిచేసే మనిషి పిన్నీ, నా సోదరి. సోదరి పిండిలో చన్నీళ్ళు పోస్తుంటే నేను చూస్తూ ఊరుకోలేను.

అబద్ధం మీద నిలబడిన బట్టీ నాకు అక్కర్లేదు. నిజం చెప్పి, అప్పుడు ఊరంతా కలిసి పోరాడి, బట్టీని మన హక్కుగా నిలబెట్టుకోవాలి. సరైన దారి అదొక్కటే.

అందుకని లేడీ స్కెల్బరోకి నేనే ఉత్తరం రాశాను. నీ పేరు ఎత్తలేదు. పిండి గిన్నె ఎక్కడ పెట్టాలో, ఉప్పు ఎప్పుడు వెయ్యాలో, నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో, అన్నీ వివరంగా రాశాను. ఆ ప్రకారం చేస్తే వచ్చే శుక్రవారమే రొట్టె పొంగుతుందని హామీ ఇచ్చాను. మనసు మారుతుందేమోనని ముందు దాన్ని పోస్టులో వేసి వచ్చి, ఆ తరవాత నీకు ఇది రాస్తున్నాను.

జాబెజ్

⁂

హాక్స్‌బీ హాలు,
అక్టోబరు 22

శ్రీ జాబెజ్ థాక్రా గారికి,

మీ ఉత్తరం అందినది.

నేను పెట్టె సర్దుకొనుచున్నాను. లీడ్సులో మీ సగం మంచం గురించి తమరు చింతించనక్కర లేదు. కీత్లీలో మా వదిన ఉన్నది. పిండి గుడ్డలు ఉతికి ఆరవేసితిని. సగ్డెన్ ముసలమ్మకు సంగతి చెప్పలేదు. ఆమె శుక్రవారం పిండి తెచ్చినప్పుడు తమరు వచ్చి నిజము, పోరాటము, హక్కు అనునవి ఆమె చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పవలెను. మామూలుగా చెప్పిన వినబడదు.

అమ్మగారి పేర పట్నము నుండి ఉత్తరము వచ్చినదని పోస్టుమాను చెప్పినాడు. పళ్ళెములో పెట్టి పైకి పంపించితిని.

ఇట్లు
కె. మెట్కాఫ్

⁂

హాక్స్‌బీ హాలు,
అక్టోబరు 24, శనివారం

శ్రీ థాక్రా గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. ఇంత విపులంగా నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. మీ దస్తూరీ అచ్చు వేసినట్టుంది. మా మేనేజరుకి చూపించి సిగ్గుపడమని చెప్పాలనిపించింది గానీ, కారణం ముందు ముందు మీకే అర్థమవుతుంది, చూపించలేదు.

మీరు రాసిన విధానం సరైనదే. నాకు సెప్టెంబరు మొదటి శుక్రవారం నుంచీ తెలుసు. ఆ రోజు మీ పిన్నిగారు జ్వరంతో పడుకున్నారు. నా గిన్నె నేనే తీసుకుని, మిగతా వాళ్ళ గిన్నెలు ఎక్కడున్నాయో చూసి వాటి పక్కన పెట్టాను. నా రొట్టె టోపీలా పొంగింది. దాన్ని శాలువా చాటున పెట్టుకుని గుర్రపుశాల వెనక్కి పోయి, నేనూ నా ముసలి గుర్రమూ చెరిసగం తిన్నాం. నా జీవితంలో నేను చేసిన మొదటి వస్తువు అది. మా వారికి ఆ వారం రొట్టె మాడిపోయిందని చెప్పాను.

తరవాత ఆలోచించుకున్నాను. మా వారు మాట తప్పరు. అది ఆయనలో మంచి గుణం, అలాంటి గుణాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి. నా రొట్టె పొంగిన మర్నాడు బట్టీ ఉండదు. పొంగనంత కాలం ఉంటుంది. ఇందులో నేను చెయ్యవలసింది ఏమిటో చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది.

మీ పిన్నిగారు నా పిండి పాడు చెయ్యడానికి పడే శ్రమ చూస్తే నాకు కన్నీళ్ళు వస్తాయి. ఊరి ఆడవాళ్ళు నన్ను మాటల్లో పెట్టడానికి వంతులు వేసుకున్నారు. అందువల్ల ఎవరింట్లో కోడలు ఎలాంటిదో, ఎవరి మేక ఎవరి చేలో పడిందో నాకు అన్నీ తెలిశాయి. పంతొమ్మిదేళ్ళలో ఈ ఊళ్ళో నాతో ఇంతసేపు మాట్లాడినవాళ్ళు లేరు. పోయిన వారం మిసెస్ సగ్డెన్ "జరుగు అమ్మాయ్, వెలుతురుకి అడ్డం నిలబడ్డావ్" అన్నారు. నేను జరిగాను. మేడ మీద నన్ను జరగమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

మీ పిన్నిగారు ఒక్కొక్కప్పుడు పని తొందరలో చన్నీళ్ళు పొయ్యడం మర్చిపోతారు. అప్పుడు నేనే పోసుకుంటాను.

కాబట్టి మీరు నాకు రెండు సాయాలు చెయ్యాలి. మొదటిది, ఈ విషయం మీ పిన్నిగారికి ఎప్పుడూ చెప్పకండి. నాకు తెలుసని తెలిస్తే ఆవిడ నన్ను మళ్ళీ "అమ్మగారూ" అంటూ నిలబెట్టి కుర్చీ వేస్తారు, ఇంక ఎవరూ నన్ను జరగమనరు. మీ రాత చదవలేకపోయానని ఆవిడతో చెప్పి ఆ ఉత్తరం బట్టీలో పడేశాను. రెండోది, ఆ మాట పుట్టుక గురించి మీ దగ్గర ఇంకేమైనా పుస్తకాలుంటే పంపండి.

దేవుడి దయ ఉంటే నేను బతికినంత కాలం ఇలాగే చెడ్డ రొట్టె చెయ్యాలని నిశ్చయించుకున్నాను.

మీ విధేయురాలు
ఇ. స్కెల్బరో

⁂

హాక్స్‌బీ హాలు,
అక్టోబరు 25, ఆదివారం

ఒరేయ్ జాబూ,

బతికిపోయాం. పెట్టె విప్పేశాను.

శుక్రవారం పొద్దున అమ్మగారు నీ ఉత్తరం పట్టుకుని బట్టీ గదిలోకి వచ్చింది. నేనూ ముసలమ్మా పిసకడం ఆపేశాం. అమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది, తలకిందులుగా పెట్టి చూసింది. "కెజియా, మీ అక్క కొడుకు ఏదో రాశాడు. కోడి బురదలో నడిచినట్టు ఉంది. ఒక్క ముక్క చదవలేకపోయాను, నువ్వు చదువుతావా?" అంది. నాకూ అర్థం కాదమ్మా, వాడి రాత పుట్టినప్పటి నుంచీ అంతే అన్నాను. "పాపం" అని దాన్ని ఉండ చుట్టి నిప్పుల్లోకి విసిరేసింది. తరవాత గౌను చేతులు పైకి మడుచుకుని తొట్టె దగ్గరికి వెళ్ళింది. ఆ వారం రొట్టె మరీ ఘోరంగా వచ్చింది. ఉప్పు నేను ఒకసారే పోయించాను, రెండుసార్లు పోసినట్టు ఉంది.

లార్డు గారు "ఇంకా కాదు" అన్నాడు. తార్పాలిన్ మీద కోడి గుడ్డు పెట్టింది.

నీ మీద కోపం పోలేదు. కానీ ఆ రాత మాత్రం ఎప్పుడూ బాగు చేసుకోకు నాయనా. నన్ను కాపాడింది అదే. నాకెప్పుడూ నీ అక్షరాలు చక్కగానే కనిపించేవి, అదే నాకు ఆశ్చర్యంగా ఉంది. పెంచిన ప్రేమ కళ్ళకి గంతలు కడుతుంది కాబోలు. నిజం చెప్పు, నువ్వు ఆవిడకి రాసేటప్పుడు తాగి ఉన్నావా?

మీ పిన్ని

⁂

లీడ్స్,
నవంబరు మొదటి ఆదివారం

ప్రియమైన కెజియా పిన్నీ,

నీ ఉత్తరం చదివాను. దీనికి జవాబు ఎనిమిదిసార్లు మొదలుపెట్టి ఎనిమిదిసార్లూ చింపేశాను. డిన్నీ ఆ ముక్కలు ఏరుకుని పైపు వెలిగించుకుంటున్నాడు.

తాగలేదు. నేను తాగనని నీకు తెలుసు.

లేడీ స్కెల్బరోకి నేను ఇంక రాయను. రొట్టె సంగతి అసలే రాయను. ఒకటి రెండు పుస్తకాలు మాత్రం ఆవిడ పేర పోస్టులో వస్తాయి. అవి భాష గురించినవి, అందులో పిండి గురించి ఏమీ ఉండదు, నువ్వు కంగారు పడకు. పోరాటం గురించి నేను చెప్పింది అక్షరాలా నిజం. దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. కాకపోతే పోరాటాలు రకరకాలుగా ఉంటాయని ఈ మధ్య ఒక చోట చదివాను. ఏ పుస్తకంలోనో గుర్తు లేదు.

ఆవిడ గిన్నె రాతి పలక మీదే ఉంచు. చలికాలం కదా, పాలగది కిటికీ కూడా తెరిచి పెట్టు. ఎందుకని అడగకు. అడిగినా చెప్పను. నీకు చెప్పకుండా నేను దాచుకున్న విషయం పుట్టి బుద్ధెరిగాక ఇదొక్కటే. ఎంత బరువుగా ఉందో, ఇన్నాళ్ళూ నువ్వు ఆవిడ దగ్గర ఎలా మోశావో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ముసలమ్మకి నా నమస్కారం చెప్పు. ఆవిడ ఎవరినైనా జరగమంటే అడ్డు చెప్పకు.

మరి నా చేతిరాత సంగతి. ఆవిడ అన్నది నిజమే పిన్నీ. బడిలో మాస్టారు కూడా అదే మాట అనేవాడు, కోడి బురదలో నడిచినట్టుందని. నువ్వు బాధపడతావని నీకు చెప్పలేదు. నీకు రాసే ఉత్తరాలు మాత్రం డిన్నీ చేత రాయించేవాణ్ణి.

నీ
జాబెజ్